గడ్డ చేతికి తగిలింది, ఫొటోలో కనబడలేదు

రొమ్ములో గడ్డ ఉందని అనుమానం వస్తే ఈ రోజుల్లో అందరూ ఒకటే మాట చెబుతారు. "మామోగ్రామ్ తీయించుకో" అంటారు. మాట మంచిదే. పట్నంలో ఆ మిషన్లు ఉన్నాయి. అప్పుడప్పుడు మిషన్ పెట్టిన బస్సు ఊరి దగ్గరికే వస్తోంది. అయితే వయసులో ఉన్న ఆడవాళ్ల సంగతి కొంచెం వేరు. ముప్ఫై ఏళ్ల కోడలికీ, అరవై ఏళ్ల అత్తకూ ఆ మిషన్ ఒకేలా పని చెయ్యదు. అత్త రొమ్ములో తేలిగ్గా కనబడే జబ్బు కోడలి రొమ్ములో కనబడకుండా పోవచ్చు. మిషన్ చెడిపోయి కాదు. ఫొటో తీసినవాళ్ల తప్పూ కాదు. పడుచు వయసులో రొమ్ము తీరే అంత.

ఈ సంగతి తెలియక కొందరు మోసపోతున్నారు. ఫొటోలో ఏమీ లేదన్నారు కదా అని, చేతికి తగిలే గడ్డను పెట్టుకుని ఇంట్లో కూర్చుంటున్నారు. అక్కలారా, చెల్లెళ్లారా, అందుకే ఈ పాఠం. కాస్త పొడుగు పాఠమే. ఒక్కరోజులో చదవకపోయినా పరవాలేదు.

మామోగ్రామ్ అంటే ఏమిటి?

కాలు విరిగితే ఎక్స్‌రే తీస్తారు కదా. మామోగ్రామ్ కూడా ఎక్స్‌రే ఫొటోయే. కాకపోతే రొమ్ముకు తీసేది. మిషన్ దగ్గర నిలబెడతారు. రొమ్ము కింద ఒక పలక, పైన ఒక పలక పెట్టి నొక్కుతారు. కొందరికి నొప్పి పుడుతుంది. అది కొన్ని సెకన్లే. తర్వాత పలక వదిలేస్తారు. ఒక్కో రొమ్ముకు రెండేసి ఫొటోలు తీస్తారు. ఒకటి పై నుంచి, ఒకటి పక్క నుంచి.

ఎందుకు అంతలా నొక్కుతారు? మూట కట్టిన బట్టల్లో చిన్న నాణెం దాగితే కనబడదు. అదే బట్టలు మంచం మీద పలచగా పరిస్తే కనబడుతుంది. ఇదీ అంతే. పలచగా అయితే ఎక్స్‌రే కూడా తక్కువ సరిపోతుంది.

ఆ ఎక్స్‌రే వల్లే కాన్సర్ వస్తుందని కొందరు భయపెడతారు. మనం మామూలుగా బతుకుతున్నా నేల నుంచీ ఆకాశం నుంచీ కొద్ది కొద్దిగా కిరణాలు మన ఒంటికి తగులుతూనే ఉంటాయి. కొన్ని వారాల్లో అలా తగిలేటంత మాత్రమే ఒక మామోగ్రామ్‌లో తగులుతాయి. అవసరం ఉన్నప్పుడు దానికి జంకి మానుకోకూడదు. అవసరం లేనప్పుడు ఊరికే తీయించుకోకూడదు కూడా.

పరీక్షకు వెళ్లే రోజు చంకల్లో, రొమ్ము మీద పౌడరు వేసుకోకండి. సెంటు కొట్టుకోకండి. పౌడరు రేణువులు ఫొటోలో తెల్లటి చుక్కల్లా పడతాయి. జబ్బు చుక్కలేమో అని డాక్టరు అనుమానపడతారు. ముట్టు అయిపోయిన వారంలో వెళితే నొప్పి తక్కువ. మగవాళ్లు తీస్తారేమో అని సిగ్గుపడి మానేసేవాళ్లు ఉన్నారు. ఈ ఫొటోలు తీసేది చాలా చోట్ల ఆడవాళ్లే. ముందే అడిగి తెలుసుకోవచ్చు.

ఈ ఫొటోకు నూరేళ్లు దాటిన చరిత్ర ఉంది. 1895లో జర్మనీ దేశంలో రాంట్‌జన్ అనే ఆయన ఎక్స్‌రేను కనిపెట్టాడు. 1913లో అదే దేశంలో, బెర్లిన్ నగరంలో, సాలమన్ అనే సర్జన్ ఒక పని చేశాడు. ఆపరేషన్ చేసి తీసేసిన రొమ్ములకు ఎక్స్‌రే తీసి చూశాడు. అలా సుమారు మూడు వేల రొమ్ములు చూశాడు. కాన్సర్ ఉన్నచోట ఫొటో ఎలా ఉంటుందో మొదట గమనించింది ఆయనే. రొమ్ము కోసమే ప్రత్యేకంగా చేసిన మిషన్ వచ్చింది మాత్రం 1960ల్లో.

తెలుపులో తెలుపు

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం.

రొమ్ములో ఏముంటాయి? పాలు తయారుచేసే గ్రంథులు ఉంటాయి. పాలను మొన దాకా తెచ్చే సన్న గొట్టాలు ఉంటాయి. వీటిని పట్టి ఉంచే నార ఉంటుంది. మిగిలింది కొవ్వు.

ఎక్స్‌రే ఫొటోలో కొవ్వు నల్లగా పడుతుంది. గ్రంథులూ, నారా తెల్లగా పడతాయి. కాన్సర్ గడ్డ కూడా తెల్లగానే పడుతుంది. చిక్కంతా ఇక్కడే ఉంది.

వయసులో ఉన్నవాళ్లకు గ్రంథులూ నారా ఎక్కువ, కొవ్వు తక్కువ. కాబట్టి ఫొటో అంతా తెల్లగా వస్తుంది. అందులో తెల్లటి గడ్డను ఎలా పట్టుకుంటారు? వయసు మళ్లేకొద్దీ, ముట్లు ఆగిపోయాక, గ్రంథులు తగ్గుతాయి. వాటి చోటును కొవ్వు ఆక్రమిస్తుంది. అప్పుడు ఫొటో నల్లగా వస్తుంది. ఆ నలుపులో తెల్లటి గడ్డ అమావాస్య రాత్రి దీపంలా కనబడుతుంది. పడుచు రొమ్ములో అదే దీపం పట్టపగలు పెట్టినట్టు ఉంటుంది. వెలుగుతూనే ఉంటుంది, కంటికి ఆనదు.

ఇదే సంగతి మా కేంద్రంలో చెబితే, పత్తి ఏరే పనికి పోయే ఒక అక్క వెంటనే అంది: "అంటే పగిలిన పత్తిచేలో కొంగ వాలినట్టు, టీచరమ్మా." నేను బోర్డు మీద బొమ్మ గీసి చెప్పిన దానికన్నా ఆ మాటే అందరికీ బాగా ఎక్కింది.

గ్రంథులూ నారా ఎక్కువ ఉన్న రొమ్మును డాక్టర్లు చిక్కటి రొమ్ము అంటారు. ఇది జబ్బు కాదు. చేత్తో నొక్కి చూస్తే తెలిసేదీ కాదు. ఫొటోలో మాత్రమే తెలుస్తుంది. యాభై దాటినవాళ్లలో కూడా కొందరికి రొమ్ములు చిక్కగానే ఉంటాయి. కొవ్వు ఎక్కువ ఉన్న రొమ్ముల్లో పది కాన్సర్లు ఉంటే మామోగ్రామ్ దాదాపు తొమ్మిదింటిని పట్టుకుంటుంది. మరీ చిక్కటి రొమ్ముల్లో పదింట ఆరింటిని పట్టుకుంటే గొప్ప. మిగతా నాలుగు తెలుపులో దాక్కుంటాయి.

బస్సు దగ్గర ఏం జరిగింది?

ఆ అక్క గురించే ఇంకో సంగతి చెప్పాలి. తను చెప్పమంది కాబట్టే రాస్తున్నాను. పేరు మాత్రం రాయను. అక్కకు 34 ఏళ్లు. ఎడమ రొమ్ములో చంక వైపు శనగ గింజంత గడ్డ తగిలింది. నొప్పి లేదు. నొప్పి లేదు కాబట్టి పట్టించుకోలేదు. ఇంతలో మండలానికి మామోగ్రామ్ బస్సు వచ్చింది. లైన్లో నిలబడి తనూ తీయించుకుంది. గడ్డ ఉందని అక్కడ ఎవరికీ చెప్పలేదు. "మిషనే చూస్తుంది కదా, మనం చెప్పేదేముంది" అనుకుంది. సిగ్గు కూడా. రిపోర్టులో ఏమీ కనబడలేదని వచ్చింది. ఆ కాగితాన్ని రేషన్ కార్డుతో పాటు డబ్బాలో పెట్టేసింది.

ఏడు నెలలు గడిచాయి. శనగ గింజ రేగుపండంత అయ్యింది. అప్పుడు ఆశా కార్యకర్త చెయ్యి పెట్టి చూసి పెద్దాసుపత్రికి తీసుకుపోయింది. అక్కడ ముందు స్కానింగ్ చేశారు. స్కానింగ్‌లో గడ్డ స్పష్టంగా కనబడింది. సూది పరీక్ష చేశారు. కాన్సర్ అని తేలింది. ఆపరేషన్ అయ్యింది. మందులు ఎక్కించారు. జుట్టంతా ఊడి మళ్లీ వచ్చింది. ఇప్పుడు మళ్లీ కేంద్రానికి వస్తోంది. ఆ ఏడు నెలలు తలుచుకుంటేనే నాకు ఇప్పటికీ కడుపులో దేవినట్టు ఉంటుంది.

గడ్డ ఉంటే ఫొటో తీసేవాళ్లకు తప్పకుండా చెప్పాలి. ఏమీ బాధ లేనివాళ్లకు తీసే ఫొటో వేరు. గడ్డ ఉన్నవాళ్లకు చేసే పరీక్ష వేరు. గడ్డ ఉందని చెబితే, దాని మీద చర్మానికి చిన్న గుర్తు అంటిస్తారు. ఆ చోటును ఇంకో కోణంలో తీస్తారు. స్కానింగ్ కూడా రాస్తారు. చెప్పకపోతే వాళ్లకు ఎలా తెలుస్తుంది?

స్కానింగ్ వంతు

కడుపుతో ఉన్నప్పుడు బిడ్డను చూడ్డానికి పొట్ట మీద జిగురు రాసి స్కానింగ్ చేస్తారు. మనందరికీ తెలిసిందే. రొమ్ముకు చేసేదీ ఆ స్కానింగే. ఇందులో ఎక్స్‌రే లేదు. శబ్దం అలలు లోపలికి వెళ్లి తిరిగి వస్తాయి. నొక్కడం, నొప్పి ఉండవు.

స్కానింగ్‌లో గ్రంథులు తెల్లగా పడతాయి. కాన్సర్ గడ్డ సాధారణంగా నల్లగా పడుతుంది. అంటే పత్తిచేలో కొంగ కాదు, కాకి వాలినట్టు. వెంటనే కనబడుతుంది. నీటి బుడగ ఏదో, గట్టి గడ్డ ఏదో కూడా తేడా తెలుస్తుంది.

అందుకే డాక్టర్లు ఒక పద్ధతి పెట్టుకున్నారు. ముప్ఫై లోపు అమ్మాయికి గడ్డ తగిలితే ముందు స్కానింగ్. ముప్ఫై నుంచి నలభై లోపు అయితే స్కానింగ్‌తో మొదలుపెట్టవచ్చు, మామోగ్రామ్‌తోనూ మొదలుపెట్టవచ్చు. చాలామందికి రెండూ చేస్తారు. నలభై దాటితే ముందు మామోగ్రామ్, దానికి తోడు స్కానింగ్.

అయితే పడుచువాళ్లకు మామోగ్రామ్ దండగ అనుకోవాలా? కాదు. కాన్సర్ ఉందని తేలినా, గట్టి అనుమానం వచ్చినా, ఎంత వయసు వాళ్లకైనా రెండు రొమ్ములకూ మామోగ్రామ్ తీస్తారు. ఎందుకంటే స్కానింగ్‌కు ఆనని ఒక సంగతి మామోగ్రామ్‌లో కనబడుతుంది. కొన్ని కాన్సర్లు పాల గొట్టాల వెంట మొదలవుతాయి. అక్కడ సున్నం పొడి చల్లినట్టు సన్న సన్న చుక్కలు పడతాయి. చేతికి తగలవు. స్కానింగ్‌లో చాలాసార్లు దొరకవు. మామోగ్రామ్‌లో మెరుస్తూ కనబడతాయి. ఆ చుక్కలు ఎంత మేర ఉన్నాయో చూసే, రొమ్ములో కొంత తీస్తే చాలా, మొత్తం తీయాలా అని డాక్టరు నిర్ణయిస్తారు. రెండో రొమ్ములో ఏమైనా ఉందా అనీ చూస్తారు. అంటే పడుచు రొమ్ము విషయంలో మామోగ్రామ్ ఒంటరి సాక్షిగా పనికిరాదు, తోడు సాక్షిగా పనికొస్తుంది.

సూదికి భయపడవద్దు

పంచాయితీలో ముగ్గురు సాక్షులను పిలిచినట్టే, గడ్డ విషయంలోనూ ముగ్గుర్ని అడగాలి. ఒకటి డాక్టరు చెయ్యి. రెండు ఫొటో. అంటే మామోగ్రామ్, స్కానింగ్. మూడు సూది. ముగ్గురూ ఒకే మాట చెబితే నమ్మవచ్చు. ఒక్కరి మాట తేడాగా ఉన్నా, ఆ తేడా తేలేదాకా వదలకూడదు.

సూది పరీక్షను బయాప్సీ అంటారు. ముందు ఆ చోట తిమ్మిరి ఇంజెక్షన్ ఇస్తారు. తర్వాత కొంచెం లావు సూదితో గడ్డలో నుంచి సేమ్యా తుంపులంత ముక్కలు నాలుగైదు తీస్తారు. టక్కుమని చప్పుడు వస్తుంది, ఉలిక్కిపడకండి. కుట్లు ఉండవు. అదే రోజు ఇంటికి రావచ్చు. ఆ ముక్కలను పెద్దగా చూపే అద్దం కింద పెట్టి చూస్తారు. ఫలితం రావడానికి కొన్ని రోజులు పడుతుంది. కాన్సర్ అవునో కాదో తేల్చి చెప్పేది ఈ పరీక్షే. ఫొటో అనుమానం మాత్రమే చెబుతుంది.

"సూది గుచ్చితే కాన్సర్ పాకుతుంది", "గాలి తగిలితే ముదురుతుంది" అని ఊళ్లో అంటారు. ఇది నిజం కాదు. సూది పరీక్ష వల్ల జబ్బు ముదరదు. పరీక్ష మానేసి కూర్చుంటే ముదురుతుంది.

ఇంకో మాట. కొన్నిచోట్ల సూది పరీక్ష లేకుండానే "చిన్న గడ్డే, కోసి తీసేద్దాం" అంటారు. తీసేశాక అది కాన్సర్ అని తేలితే రెండోసారి ఆపరేషన్ చెయ్యాల్సి వస్తుంది. మొదటి కోత సరైన చోట లేకపోతే చిక్కు ఇంకా పెరుగుతుంది. అందుకని కత్తి కంటే ముందు సూది. "సూది పరీక్ష చేశాకే కోయండి సార్" అని అడగటం మన హక్కు.

ప్రతి గడ్డా కాన్సరేనా?

కాదు, కాదు. రొమ్ములో తగిలే గడ్డల్లో పదింట ఎనిమిదో తొమ్మిదో కాన్సర్ కానివే. పదిహేను నుంచి ముప్ఫై అయిదేళ్ల లోపు వాళ్లలో ఎక్కువగా వచ్చే గడ్డ ఒకటి ఉంది. గోళీకాయలా గుండ్రంగా ఉంటుంది. వేలితో నొక్కితే పక్కకు జారిపోతుంది. దీనిని ఫైబ్రో అడినోమా అంటారు. ఇది కాన్సర్ కాదు. నీటి బుడగలు ఉంటాయి. ముట్టుకు ముందు వచ్చి తర్వాత తగ్గే గట్టిదనం ఉంటుంది. ఇవీ కాన్సర్ కావు. కాని ఏది ఏదో పరీక్షతో తేలాలి. మన వేలికి ఆ చదువు లేదు.

నొప్పి లేకపోవడం మంచి గుర్తు కాదు. కాన్సర్ గడ్డ మొదట్లో చాలామందికి నొప్పి పెట్టదు. గడ్డ ఒక్కటే గుర్తు అని కూడా అనుకోవద్దు. రొమ్ము మీద చర్మం బత్తాయి తొక్కలా గుంటలు పడటం, మొన కొత్తగా లోపలికి పోవడం, మొన నుంచి నెత్తురు కారడం, చంకలో గడ్డ తగలడం, ఒక రొమ్ము ఉన్నట్టుండి రూపు మారడం. వీటిలో ఏ ఒక్కటి కనబడినా చూపించుకోవాలి.

పాలిచ్చే తల్లి సంగతి

ఇది బాగా గుర్తుపెట్టుకోవాల్సింది. పాలిచ్చే తల్లికి రొమ్ములో గడ్డ కట్టడం మామూలే. బిడ్డ సరిగా తాగకపోయినా, పాలు నిలిచినా గడ్డ కడుతుంది. వేడి గుడ్డ కాపడం పెడతాం, పాలు పిండుతాం, తగ్గుతుంది. ఒక్కోసారి చీము పడుతుంది. డాక్టరు మందులిస్తే తగ్గుతుంది.

అయితే పాలిచ్చే రోజుల్లోనూ, కడుపుతో ఉన్న రోజుల్లోనూ కాన్సర్ రావచ్చు. అరుదే, కాని వస్తుంది. అప్పుడు ఇంట్లో పెద్దవాళ్లు "పాల గడ్డే, బిడ్డ పాలు మానితే అదే పోతుంది" అంటారు. వాళ్లు కావాలని అనరు. వాళ్లు చూసినవన్నీ పాల గడ్డలే. అలా ఏడాది గడిచిపోతుంది. కాబట్టి ఒక లెక్క పెట్టుకోండి. కాపడం పెట్టినా, మందులు వాడినా రెండు వారాల్లో పోని గడ్డ పాల గడ్డ అని ఇంట్లో తేల్చకూడదు. స్కానింగ్ చేయించాలి.

పాలతో నిండిన రొమ్ము ఫొటోలో ఇంకా తెల్లగా వస్తుంది. అందుకే వీళ్లకు ముందు స్కానింగే. మామోగ్రామ్ కూడా అవసరమైతే, బిడ్డకు పాలిచ్చి, రొమ్ము ఖాళీ చేసి వెళ్లాలి. స్కానింగ్ వల్ల గాని, మామోగ్రామ్ వల్ల గాని పాలు చెడిపోవు. ఇంటికి రాగానే బిడ్డకు పట్టవచ్చు. కడుపుతో ఉన్నవాళ్లకు స్కానింగ్, సూది పరీక్ష చెయ్యవచ్చు. తప్పనిసరి అయితే మామోగ్రామ్ కూడా తీస్తారు. బిడ్డకు తగిలే కిరణాలు చాలా చాలా తక్కువ. "కాన్పు అయ్యాక చూద్దాం" అని మాత్రం ఆగకూడదు.

రిపోర్టు చదవడం

రిపోర్టు ఇంగ్లీషులో ఉంటుంది. ఉన్నా భయం లేదు. మనకు అంకెలు వచ్చు. రిపోర్టు చివర్లో 'బైరాడ్స్' అనే మాట ఉంటుంది. ఇంగ్లీషులో ఆరు పెద్ద అక్షరాలు, రెండో అక్షరం తర్వాత చిన్న గీత. దాని పక్కన ఒక అంకె ఉంటుంది. ఇంట్లో బడికి వెళ్లే పిల్లలుంటే చూపించమనండి.

అన్నిటికంటే ముందు సున్నా గురించి తెలుసుకోవాలి. సున్నా అంటే ఏమీ లేదని మనం అనుకుంటాం. ఇక్కడ అలా కాదు. సున్నా అంటే "ఈ ఫొటోతో తేల్చలేకపోయాం, ఇంకో పరీక్ష కావాలి" అని. సున్నా చూసి సంతోషపడి ఇంటికి రాకూడదు. 1 అంటే ఏమీ కనబడలేదు. 2 అంటే ఏదో కనబడింది, కాని కాన్సర్ కాదు. 3 అంటే దాదాపు కాన్సర్ కాదు, అయినా ఆరు నెలలకు మళ్లీ చూడాలి. 4, 5 వస్తే సూది పరీక్ష చేయించాలి. 4 వచ్చినవాళ్లందరికీ కాన్సర్ ఉన్నట్టు కాదు, చాలామందికి లేదనే తేలుతుంది. 6 అంటే అప్పటికే సూదితో తేలిన కాన్సర్.

చాలా రిపోర్టుల్లో ఇంకో గుర్తు కూడా ఉంటుంది. ఎ, బి, సి, డి అనే నాలుగు ఇంగ్లీషు అక్షరాల్లో ఒకటి రాస్తారు. ఎ అంటే కొవ్వు రొమ్ము. డి అంటే మరీ చిక్కటి రొమ్ము. మీ కాగితం మీద సి గాని డి గాని ఉండి, పక్కన 1 అని ఉండి, చేతికి మాత్రం గడ్డ తగులుతూ ఉంటే, ఆ 1ని నమ్ముకుని ఉండిపోకండి. డాక్టరు దగ్గరికి తిరిగి వెళ్లి "ఫొటోలో లేదు, చేతికి ఉంది, స్కానింగ్ రాయండి" అని అడగండి.

గడ్డ లేకపోతే?

గడ్డ లేదు, వేరే గుర్తులూ లేవు. పాతికేళ్లు, ముప్ఫై ఏళ్లు. మామోగ్రామ్ తీయించుకోవాలా? అక్కర్లేదు. చాలా దేశాల్లో దీనికి వయసు పెట్టుకున్నారు. ఇంగ్లండులో 50 దాటిన వాళ్లను మూడేళ్లకోసారి పిలుస్తారు. అమెరికాలో 40 నుంచి రెండేళ్లకోసారి తీయించుకోమని 2024లో చెప్పారు. మరీ చిన్న వయసులో అందరికీ తీస్తే, తెలుపులో జబ్బు దొరకదు సరికదా, లేని జబ్బు ఉందేమోనని అనుమానాలు ఎక్కువవుతాయి.

తల్లికో, అక్కాచెల్లెళ్లకో చిన్న వయసులోనే రొమ్ము కాన్సర్ గాని, అండాశయం కాన్సర్ గాని వచ్చి ఉంటే మాత్రం లెక్క మారుతుంది. కొన్ని కుటుంబాల్లో ఇది రక్తంలో వస్తుంది. అలాంటి వాళ్లు డాక్టరుకు ఆ సంగతి చెప్పాలి. వాళ్లను ముందు నుంచే కనిపెట్టి చూస్తారు. ఎంఆర్ఐ అనే ఇంకో పెద్ద స్కానింగ్ కూడా చేస్తారు.

మన దేశంలో 2016లో సర్కారు వేరే పద్ధతి పెట్టింది. 30 నుంచి 65 ఏళ్ల ఆడవాళ్లందరికీ ఐదేళ్లకోసారి ఆరోగ్య కార్యకర్త చేత్తో రొమ్ము పరీక్ష చెయ్యాలి. అనుమానం ఉంటేనే పెద్దాసుపత్రికి పంపాలి. ఇది ఊరికే పెట్టింది కాదు. ముంబైలో టాటా ఆసుపత్రి వాళ్లు 1998లో బీదవాడల్లో ఒక పెద్ద పని మొదలుపెట్టారు. సుమారు లక్షన్నర మంది ఆడవాళ్లను తీసుకున్నారు. సగం మందికి రెండేళ్లకోసారి నాలుగు విడతలు చేత్తో పరీక్ష చేయించారు. ఇరవై ఏళ్లు వెంటబడి చూశారు. 2021లో ఫలితం చెప్పారు. యాభై దాటినవాళ్లలో రొమ్ము కాన్సర్ చావులు సుమారు 30 శాతం తగ్గాయి. మిషన్ లేకుండా, ఉత్త చేత్తో!

కాని యాభై లోపు వాళ్లలో చావులు అలా తగ్గినట్టు తేలలేదు. ఈ మాట దాచకుండా చెప్పాలి. మన దేశంలో 2022లో సుమారు 1,92,000 మంది ఆడవాళ్లకు కొత్తగా రొమ్ము కాన్సర్ వచ్చిందని అంచనా. పడమటి దేశాల్లో కంటే మనకు సుమారు పదేళ్ల ముందే వస్తోంది. మన జనంలో పడుచువాళ్లు ఎక్కువ కావడం దీనికి ఒక కారణం. ఆ పడుచువాళ్లకేమో ఫొటో సరిగా ఆనదు. అప్పుడప్పుడు చేసే చేతి పరీక్షతోనూ చావులు తగ్గినట్టు తేలలేదు. వాళ్లు గుర్తు కనబడిన రోజే కదలాలి. ఆ తొందర కోడలికి ఉంటే సరిపోదు. బస్సు చార్జీ ఇచ్చేవాళ్లకు, పిల్లల్ని చూసుకునేవాళ్లకు, "ఏమీ కాదులే" అనేవాళ్లకు కూడా ఉండాలి.

ఎక్కడికి వెళ్లాలి?

ముందు ఆశా కార్యకర్తకో, ఏఎన్ఎంకో చెప్పండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరు చూసి చీటీ రాస్తారు. ఆ చీటీతో జిల్లా ఆసుపత్రికి వెళ్లాలి. ఇంకా పెద్ద వైద్యం కావాలంటే హైదరాబాదులో ఎం.ఎన్.జె. కాన్సర్ ఆసుపత్రి ఉంది. అది సర్కారుది. విశాఖపట్నం దగ్గర అగనంపూడిలో హోమీ భాభా కాన్సర్ ఆసుపత్రి ఉంది. అది ముంబై టాటా ఆసుపత్రి వాళ్లది. తెలంగాణలో ఆరోగ్యశ్రీ కింద, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ కింద కాన్సర్ వైద్యం జరుగుతుంది. రేషన్ కార్డు, ఆధార్ కార్డు వెంట తీసుకువెళ్లండి. ఆసుపత్రిలో ఈ పథకాల కోసం కూర్చునే ఉద్యోగిని ఆరోగ్యమిత్ర అంటారు. కాగితాల పని ఆమెనో, ఆయననో అడగండి.

పాత రిపోర్టులు, పాత ఫిల్ములు పారేయకండి. ఏమీ లేదని రాసిన కాగితం కూడా దాచండి. పెద్దాసుపత్రికి వెళ్లినప్పుడు అన్నీ సంచీలో పెట్టుకుని పోండి. పాతదీ కొత్తదీ పక్క పక్కన పెట్టి చూస్తేనే ఏం మారిందో డాక్టరుకు తెలుస్తుంది. గడ్డ ఎప్పుడు తగిలిందో ఆ తేదీని ఒక కాగితం మీద రాసుకోండి. ఎడమ వైపో, కుడి వైపో, అప్పుడు ఎంత ఉందో, ఇప్పుడు ఎంత ఉందో కూడా రాయండి. శనగ గింజంత, రేగుపండంత అని రాసినా సరిపోతుంది.